నలభై ఇళ్లకు ఒక పొలం: బెంగళూరు శివార్లలో చిన్న సేంద్రియ తోట నడిపే పద్ధతి

వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో కొన్నేళ్లు ఉద్యోగం చేశాక చాలామంది తెలుగువాళ్లకు ఒకే ఆలోచన వస్తుంది. మాలూరు దాటాకో చింతామణి వైపో రెండెకరాలు చూసుకుని మందుల్లేని కూరగాయలు పండించాలని. ముందు భూమి కొంటారు. తర్వాత కంచె, బోరు, నాలుగు మామిడి మొక్కలు. ఇవన్నీ ఎవరు తింటారన్న ప్రశ్న మాత్రం పంట చేతికొచ్చాక గానీ గుర్తుకురాదు. అప్పటికి వంకాయలు గంపల్లో వాడిపోతుంటాయి.

ఈ వరుసను తిరగేయాలి. తినేవాళ్లను ముందు లెక్కపెట్టుకుని, వాళ్లింటికి వారానికి ఒకసారి వెళ్లే సంచి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ మడి దాకా రావాలి. కొత్తగా భూమి కొనేవాళ్లకే కాదు, బాగేపల్లి, శ్రీనివాసపుర వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తాతల నాటి పొలం చేసుకుంటున్న రైతులకూ ఇదే చెబుతాను. కోలారు మండీలో టమాటా ధరకు తలొంచడం కంటే నలభై ఇళ్లను నమ్ముకోవడం మేలు.

ముందు ఇళ్లు

రెండు అపార్ట్‌మెంట్లు ఎంచుకోండి. పది వద్దు. రెండూ ఒకే దారిలో ఉండాలి. మీ పొలం హోసకోటె వైపుంటే కాడుగోడి, వైట్‌ఫీల్డ్; ఆనేకల్ వైపుంటే సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ. ఊరికి ఈ చివర పొలం, ఆ చివర కొనేవాళ్లు ఉంటే డీజిల్, ట్రాఫిక్ కలిసి మీ లాభాన్ని మింగేస్తాయి.

తెలిసినవాళ్ల ద్వారా పదిహేను ఇరవై కుటుంబాలతో మాట్లాడండి. "సేంద్రియ కూరగాయలు కావాలా?" అని అడిగితే అందరూ కావాలనే అంటారు. ఆ జవాబుకు విలువ లేదు. పోయిన వారం ఏమేం కొన్నారు, ఎంత కొన్నారు, ఎంత పారేశారు, వారంలో ఎన్ని రోజులు ఇంట్లో వండుతారు అని అడగండి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వారానికి ఐదు కిలోల కూరగాయలు ఖర్చవడం కష్టం. అత్తమామలో అమ్మానాన్నలో వచ్చి ఉన్న ఇంట్లో ఆకుకూరలు ఎన్ని పంపినా చాలవు. తెలుగిళ్లయితే గోంగూర, చుక్కకూర, పచ్చి దోసకాయ, దొండకాయ, గోరుచిక్కుడు తప్పకుండా అడుగుతారు. సూపర్ మార్కెట్‌లో ఇవి దొరికినా వాడిపోయి ఉంటాయి. మీ బలం అక్కడే ఉంది. బ్రకోలీ, లెట్యూస్ జోలికి మొదటి ఏడాది వెళ్లకండి.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ నలభై కుటుంబాలకు వేశాను. మొదటి ఏడాది మీరు పదిహేనుతోనే మొదలుపెట్టండి.

భూమి, నీళ్లు, పక్కవాళ్లు

కర్ణాటకలో భూసంస్కరణల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత రైతు కుటుంబంలో పుట్టనివాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనవచ్చు. కొనే ముందు పహణి (భూమి రికార్డు), మ్యుటేషన్ (పేరు మార్పు కాగితం), సర్వే స్కెచ్, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) అన్నీ లాయరుకు చూపించండి. ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే 1978 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేతులు మారకూడదు. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ రిజిస్ట్రేషన్ రద్దు కావచ్చు. కౌలు సంగతి ఆంధ్రాలో లాగా ఉండదు. కర్ణాటక భూసంస్కరణల చట్టం వ్యవసాయ భూమిని కౌలుకివ్వడాన్ని దాదాపుగా నిషేధించింది. నోటిమాట ఒప్పందాలు చాలా నడుస్తాయి గానీ, వాటిని నమ్ముకుని బోరు, డ్రిప్, పందిళ్ల మీద లక్షలు పెట్టకండి. భూమి ఉన్న రైతుతో కలిసి చేసేటట్లయితే ఎవరి పెట్టుబడి ఏది, ఎవరి వాటా ఎంత అన్నది లాయరు చేత కాగితం మీద రాయించుకోండి.

భూమి చూడటానికి ఏప్రిల్లో వెళ్లండి. అక్టోబరులో ప్రతి పొలమూ పచ్చగానే కనిపిస్తుంది. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలే. బోరు ఆన్ చేయించి, అరగంట నడిచాక 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో చూడండి. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. త్రీ ఫేజ్ కరెంటు ఆరు గంటలు వస్తే 18,000 లీటర్లు. ఎండాకాలంలో డ్రిప్ మీద ఎకరం కూరగాయలకు రోజుకు సుమారు అంతే కావాలి. అంతకన్నా తక్కువ వస్తే పంట విస్తీర్ణం తగ్గించుకోవాలి. ఇంకో బోరు వేద్దాం అనుకోవడం ఆ ప్రాంతంలో జూదమే. వాన నీళ్లకు ప్లాస్టిక్ షీటు పరిచిన కుంట ఒకటి తవ్వించండి. దాన్నే అక్కడ కృషి హొండ అంటారు. దానికీ డ్రిప్‌కూ ప్రభుత్వ సాయం ఉంది. మీ హోబళిలోని (తాలూకాలో ఒక భాగాన్ని అక్కడ హోబళి అంటారు) రైత సంపర్క కేంద్రంలో, ఉద్యాన శాఖ ఆఫీసులో అడగండి.

కోలారు వైపు ఇంకో విషయం ఉంది. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటిని అక్కడి చెరువుల్లో నింపుతున్నారు. అది భూగర్భ జలాలు పెరగడానికి ఉద్దేశించిన పథకం. ఆ చెరువు నీళ్లు నేరుగా ఆకుకూరల మీద పారించకండి. చెరువు దగ్గర బోరయితే ఏడాదికోసారి నీటి పరీక్ష చేయించండి. రిపోర్టు మీ కుటుంబాలకు చూపించండి, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు.

నీలగిరి తోట కొట్టేసిన భూమి చవగ్గా వస్తుంది. మొద్దులు పెకలించి, ఆ నేల మళ్లీ తేరుకునేదాకా మీ జేబు తట్టుకోగలదా అని చూసుకోండి.

ఇక పక్కవాళ్లు. భూమి ఎంత బాగున్నా పక్క పొలంలో వారానికి రెండుసార్లు మందు కొట్టే టమాటా తోటో, గులాబీ పాలీహౌసో ఉంటే గాలికి అది మీ పంట మీదికే వస్తుంది. నా దృష్టిలో ఈ ప్రాంతంలో అన్నిటికన్నా మంచి పొరుగు పట్టుపురుగుల రైతు. శిడ్లఘట్ట, చింతామణి వైపు మల్బరీ తోటలు చాలా ఉన్నాయి. మందు తగిలితే పురుగులు చచ్చిపోతాయి కాబట్టి ఆ రైతు తన తోటలో జాగ్రత్తగా ఉంటాడు, చుట్టుపక్కల వాళ్లతోనూ పోట్లాడతాడు. పురుగుల పెంట, మిగిలిన మల్బరీ కొమ్మలు మీ కంపోస్టుకు బంగారం. అయితే మీరూ ఒక జాగ్రత్త పాటించాలి. బీటీ, బవేరియా వంటి జీవ మందులు సేంద్రియంలో వాడుకోవచ్చు గానీ పట్టుపురుగును చంపుతాయి. మల్బరీ పక్కన అవి కొట్టకండి. అవతల ఇంకెవరైనా ఉంటే గట్టు వెంట మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న, దాని వెనక గ్లిరిసీడియా, అవిసె పెంచండి.

నేలకు తిండి

ఇక్కడి ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువ. జీకేవీకేలోనో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) జిల్లా ల్యాబ్‌లోనో మట్టి పరీక్ష చేయించండి. కర్బనం 0.5 శాతం లోపు ఉంటే మొదటి ఆరు నెలలు కూరగాయల మీద ఆశ పెట్టుకోకండి. తొలి వానలకు ఎకరానికి 20–25 కిలోల జనుము లేదా జీలుగ చల్లి, పూత మొదలయ్యాక, అంటే 45 రోజులకు, దున్ని కలిపేయండి. ఆ తర్వాత ఎకరానికి నాలుగైదు ట్రాక్టర్ల మాగిన పశువుల ఎరువు. మాగినదే సుమా. పచ్చిపేడ తోలితే వేరుపురుగు, కలుపు గింజలు రెండూ కొనుక్కున్నట్టే. కోళ్ల ఫారం ఎరువు చవకని తెచ్చేవాళ్లున్నారు. పెద్ద ఫారాల్లో కోళ్లకు ఏమేం పెడతారో మీకు తెలియదు కాబట్టి దాన్ని వదిలేయండి.

ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కలిపి, నీడలో పదిహేను రోజులు తేమగా ఉంచి వేస్తే నారుకుళ్లు, వేరుకుళ్లు బాగా తగ్గుతాయి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క మైక్రోబియల్ కన్సార్షియం (మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమం) కూడా వాడుకోవచ్చు.

జీవామృతం చాలామందికి తెలిసిందే: 200 లీటర్ల నీళ్లు, పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలుపుతూ ఉంచాలి. వారంలోపు వాడేయాలి. ఎకరానికి ఒక డ్రమ్ము. కానీ జీవామృతం ఒక్కటే పోస్తే చాలు, ఎరువు అక్కర్లేదన్న మాటను కూరగాయల విషయంలో నేను ఒప్పుకోను. ప్రతి వారం పొలం నుంచి రెండు వందల కిలోలు బయటికి వెళ్తున్నప్పుడు లోపలికి కూడా ఏదో ఒకటి రావాలి కదా.

సంచి నుంచి మడికి

ఇదే అసలు పని. ఒక సంచిలో ఐదు కిలోల కూరగాయలు, నాలుగు కట్టల ఆకుకూరలు, కాస్త కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి అనుకుందాం. నలభై ఇళ్లకు వారానికి 200 కిలోలు, 160 కట్టలు. దీనికి రెండెకరాల్లో ఒకటింపావు ఎకరం సాగులో ఉండాలి. మిగతా ముప్పావు ఎకరంలో పచ్చిరొట్ట, కంపోస్టు, కుంట, షెడ్డు, చెట్లు.

కర్ణాటకలో ఎకరానికి 40 గుంటలు. లెక్కలన్నీ గుంటల్లో వేసుకుంటే సులభం. కూలి మనుషులు కూడా అదే భాషలో మాట్లాడతారు.

ఆకుకూరలకు మూడున్నర అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు మడులు చేయండి. తోటకూర మడి ఒకటి బాగా వస్తే నలభై ఇళ్లకు ఒక్కో కట్ట సరిపోతుంది. విత్తిన 25–30 రోజులకు కోతకు వస్తుంది. కాబట్టి ప్రతి వారం ఒక మడి విత్తాలి, మంగళవారమో బుధవారమో ఒక రోజు పెట్టుకుని. ఈ వారం వాన పడింది, పెళ్లి ఉంది అని ఒక్కసారి మానేస్తే నెల తర్వాత ఆ వారం సంచి ఖాళీ. పాలకూర, కొత్తిమీర, మెంతికీ ఇదే పద్ధతి. గోంగూర, చుక్కకూర, బచ్చలి కోసినకొద్దీ చిగురిస్తాయి కాబట్టి నెలకోసారి విత్తితే చాలు. పొన్నగంటి కూరను నీళ్ల తొట్టి పక్కన నాటేసి మర్చిపోవచ్చు. గంగవావిలి కూరను విత్తక్కర్లేదు, కలుపుతీతలో వచ్చిందే కట్టలు కట్టండి. చాలామంది పిల్లలకు అదే మొదటిసారి చూడటం. ఆకుకూరలన్నిటికీ కలిపి ఐదు గుంటలు చాలు.

బెండకు రెండు గుంటలు. కాపు మొదలైతే వారానికి 20 కిలోలు, ఇంటికి అరకిలో. రెండు నెలల కాపు కాబట్టి ఆరు వారాలకోసారి కొత్త రెండు గుంటలు విత్తాలి. ఐఐహెచ్ఆర్ రకం అర్క అనామిక పల్లాకు తెగులును కొంత తట్టుకుంటుంది, విత్తనం మీరే కట్టుకోవచ్చు. టమాటాకు ప్రతి రెండు నెలలకూ రెండు గుంటలు. అర్క రక్షక్ మూడు తెగుళ్లను తట్టుకునే రకం, కానీ హైబ్రిడ్ కాబట్టి విత్తనం ప్రతిసారీ కొనాల్సిందే. నారు 98 గుంతల ట్రేలలో పెంచితే వంకాయ, టమాటా, మిర్చి మూడూ ఒకే నెట్ కింద సరిపోతాయి. బీన్స్ మూడు వారాలకోసారి ఒక గుంట. బీర, కాకర, సొర, దోస పందిరి మీద విడతలుగా. దొండ పందిరి ఒకసారి వేస్తే రెండేళ్లు కాస్తుంది. మిగతావి చేయిచ్చిన వారం సంచిని నిలబెట్టేది దొండే. కంచె వెంట మునగ, కరివేపాకు, బొప్పాయి, ఏలక్కి అరటి.

జూలైలో రాగి, దాని సాళ్లలో అనపకాయలు వేయడం ఇక్కడి పాత పద్ధతి. నాలుగైదు గుంటలైనా వేయండి. డిసెంబరు, జనవరిల్లో చలికి అనపకాయలు నూనె దిగి వాసన కొడతాయి. పితికిపప్పు వండుకోవడానికి రాయలసీమ వాళ్లు ఆ రెండు నెలలు ఎదురుచూస్తారు.

వరుస మార్పు తప్పదు. టమాటా, వంగ, మిర్చి ఉన్నచోట తర్వాతి పంటగా చిక్కుడు జాతి, ఆ తర్వాత ఆకుకూర, ఆపైన జనుము. గోడకు పెద్ద చార్టు అంటించి గుంటల నంబర్లు, విత్తిన తేదీలు రాయండి. ఫోన్‌లో రాసుకుంటే పనివాళ్లకు కనపడదు.

పురుగు వస్తుంది

రాకుండా చేయలేరు, పంటంతా తినకుండా చేయగలరు. టమాటాకు పదహారు వరుసలకు ఒక వరుస బంతి వేయాలన్నది ఐఐహెచ్ఆర్ సలహా. నాటేనాటికి బంతి నారు 40 రోజులది, టమాటా నారు 25 రోజులది అయితే రెండూ ఒకేసారి పూతకొచ్చి, కాయతొలిచే పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. మన దేశంలో 2014లో బయటపడిన టూటా అనే టమాటా పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి), బీర, కాకర మీద పండుఈగకు అలాంటివే క్యూల్యూర్ బుట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు. వంగలో వాలిపోయిన కొమ్మలను ప్రతి మూడో రోజూ తుంచి కాల్చేయడం కన్నా మంచి మందు లేదు. ఏ మందుకైనా ముందు వేపగింజల కషాయం: ఐదు కిలోల గింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి వడకట్టి, వంద లీటర్లు చేసి సాయంత్రం పూట పిచికారీ. షాపులో "ఆర్గానిక్" అని రాసి అమ్మే ఘాటైన సీసాలను నమ్మకండి. ఒక్క రాత్రిలో పురుగంతా రాలిపోతే అందులో ఏదో ఉన్నట్టే.

నెమళ్లకు మాత్రం నాకు తెలిసిన ఉపాయం వల ఒక్కటే.

కోసి, కట్టి, చేర్చడం

శనివారం సంచి అనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కాయలు, ఎండ దిగాక ఆకుకూరలు కోయండి. బెండ, బీన్స్ కడగకూడదు. ఆకుకూరలను ఒకసారి నీళ్లలో ముంచి, తడి గోనెపట్ట కప్పిన క్రేట్లలో నీడన పెట్టండి. తెల్లవారుజామున నాలుగున్నరకు బండి కదిలితే కేఆర్ పురం ట్రాఫిక్ మొదలుకాకముందే పని అయిపోతుంది.

అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సెల్లారులో ఒక మూల, రెండు గంటల సమయం చాలు. ఇంటింటికీ ఎక్కి దిగడం మొదలుపెడితే మీరు రైతు కాకుండా డెలివరీ బాయ్ అయిపోతారు. అపార్ట్‌మెంట్‌లో ఒకరిని బాధ్యురాలిగా పెట్టుకుని ఆవిడ సంచికి డబ్బు తీసుకోకండి. మర్చిపోయిన సంచులు, ఊరెళ్లినవాళ్ల సంచులు అన్నీ ఆవిడే చూసుకుంటుంది.

గురువారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశం పెట్టండి: "ఈ వారం బెండ తక్కువండీ, బదులు గోరుచిక్కుడు. గోంగూర కాస్త ముదిరింది, పచ్చడికి బాగుంటుంది." ఇంతే. గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు, ఫార్వర్డులు మొదటి రోజే ఆపేయకపోతే మీ సందేశం ఎవరూ చదవరు.

ధర, డబ్బు

సంచికి ఏడాదంతా ఒకే ధర పెట్టండి. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు పెంచకూడదు, అదే టమాటాను రైతులు రోడ్డు మీద పారబోసే వారాల్లో తగ్గించకూడదు. ధర ఎలా నిర్ణయించాలో తెలియకపోతే హాప్‌కామ్స్ (ఉద్యాన రైతుల సహకార సంఘం) దుకాణాల ధరల బోర్డు కొన్ని వారాలు రాసుకుని సగటు తీసి, దాని మీద మీ అదనపు కూలి ఖర్చు కలపండి.

ఉదాహరణకు సంచి 600 రూపాయలు, ఏడాదికి 48 వారాలు, నలభై ఇళ్లు. అమ్మకం 11,52,000, నెలకు సగటున 96,000. ఇద్దరు స్థిరమైన పనివాళ్లకు 30,000, రోజు కూలీలకు 10,000, బండికి 10,000, ఎరువు, విత్తనం 8,000, మోటారు, పైపులు, సంచులు 6,000 పోతే మీకు 32,000 మిగులుతుంది. భూమి మీద పెట్టిన డబ్బుకు వడ్డీ ఇందులో లేదు. లోను తీసుకుని భూమి కొన్నవాళ్లు ఈ లెక్కను ఇంట్లో అందరి ముందూ ఒకసారి వేయాలి.

మూడు నెలల డబ్బు ఒకేసారి ముందుగా తీసుకోండి. వడగళ్లు పడి పంట పోతే సంచి చిన్నదవుతుందని, విరగకాస్తే పెద్దదవుతుందని చేరే రోజే చెప్పండి. దీనికి ఒప్పుకోనివాళ్లు మంచివాళ్లే, కానీ మీ పొలానికి సరిపడరు.

సర్టిఫికెట్

ఆహార భద్రతా సంస్థ 2017 నిబంధనల ప్రకారం, ఏడాది అమ్మకం 12 లక్షలు దాటని చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్మితే సేంద్రియ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. పైన వేసిన లెక్క ఆ గీతకు లోపలే ఉంది. అయితే ప్రభుత్వ సేంద్రియ లోగో వాడకూడదు. లోగో కావాలంటే కనీసం ఐదుగురు రైతులు కలిసి పీజీఎస్ గ్రూపు (రైతులే ఒకరికొకరు హామీగా నిలిచే ప్రభుత్వ పద్ధతి) కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవచ్చు. సేంద్రియానికి మారే కాలంలో పీజీఎస్ గ్రీన్, తర్వాత పీజీఎస్ ఆర్గానిక్ వస్తుంది.

పండగలు, సెలవులు

సంక్రాంతికి తెలుగిళ్లు వారం పది రోజులు తాళాలే. ఆ వారం సంచి ఎత్తేయండి. దానికి సరిపడా నవంబరు చివర్లో బెండ, డిసెంబరు మధ్యలో తోటకూర విత్తడం తగ్గించండి. వెళ్లే ముందు వారం మాత్రం అనపకాయలు, చిలగడదుంపలు, గుమ్మడి ముక్క పెట్టి పెద్ద సంచి ఇవ్వండి. దసరాకు, మే సెలవులకు కూడా ఒక్కో వారం, మీకు ఇంకో వారం. అలా 52లో నాలుగు పోయి 48. కార్తీక మాసంలో ఆకుకూరలు ఒక కట్ట ఎక్కువే పోతాయి. వినాయక చవితికి పత్రి, ఉగాదికి వేపపువ్వు గట్టు మీద ఊరికే దొరుకుతాయి కాబట్టి సంచిలో ఉచితంగా వేయండి.

ఇళ్లు నలభై దాటి వెయిటింగ్ లిస్టు పెరిగితే పొలం పెంచకండి. మీ పీజీఎస్ గ్రూపులోని రైతు దగ్గర దొండో బీన్సో తీసుకుని, మీ ధరే ఆయనకూ ఇచ్చి, సంచిలోని చీటీ మీద ఆయన పేరు, ఊరు రాయండి. ఆయనకు తన పేరు మీద ఇరవై మంది అడిగేవాళ్లు తయారయ్యాక రెండో దారిలో ఇంకో రెండు అపార్ట్‌మెంట్లు ఆయనకు అప్పజెప్పవచ్చు.